స్నానపు నీళ్ళ పందెం

అక్టోబరు 5, ఆదివారం

గాలి ఈశాన్యం, నెమ్మది. అలకూ అలకూ మధ్య ఏడు లెక్క. లంగరు గొలుసుల మీద పీతలు లేవు.

ఉదయం ప్రార్థనకు వెళ్ళాను. నా గాలి పోస్టు చివరి తెప్ప మీద ఉంది. దీని తర్వాత సముద్రమే. మందిరం తెప్ప చేరాలంటే పన్నెండు తెప్పలు, పన్నెండు వంతెనలు దాటాలి. దారిలో ఎవరూ పలకరించలేదు. అందరూ ముందే వెళ్ళిపోయారు.

ఆరాధన అయ్యాక దేవసహాయం అయ్యగారు తీర్మానం చదివారు. సంఘంలో ఎవరూ ఇకమీదట గాలి పందెం కాయకూడదు. కాసినవారికి ప్రభు బల్లలో, అంటే రొట్టె ద్రాక్షరసంలో, చోటు లేదు. పందెం చట్టాన్నే రద్దు చేయమని మండలికి అర్జీ పెడతారు. ఒప్పుకున్నవారు చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. యాభై నాలుగేళ్ళ బతుకులో ఒక్కసారీ కాయలేదు కాబట్టి చెయ్యి బరువనిపించలేదు.

దించాక తోచింది. తెప్పల ఊళ్ళో ఆరువందల నలభై మందిమి. సంఘం సగం. గాలి తెలిసిన ముసలివాళ్ళంతా ఆ సగంలోనే ఉన్నారు.

అక్టోబరు 7, మంగళవారం

గాలి లేదు. ఏడు లెక్క.

మండలి గుమాస్తా తిరుపాలు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గాలివాలు చూసుకుని గుమ్మం అవతల కూర్చున్నాడు.

"నాలుగు క్యాన్లు పోయినాయి పెద్దక్కా, పోయిన వారం. నా పెళ్ళామే దూరం పొమ్మంటుండాది. నువ్వెంత భక్తురాలివైనా ముక్కు ముక్కే గదా."

మా ఊళ్ళో ఓడినవాణ్ణి పేరు అడిగి తెలుసుకోనక్కరలేదు. మనిషికి నెలకు తాగడానికి, వంటకు ఇరవై క్యాన్ల మంచినీళ్ళు, స్నానానికి పది. తాగే నీళ్ళు పందెం పెట్టడం నేరం. స్నానం నీళ్ళు పెట్టవచ్చు. పెద్దగాలి ఏ రోజు వస్తుందో చెప్పాలి. తప్పినవాడి నీళ్ళు సరిగా చెప్పినవాడికి పోతాయి. తప్పినవాడు ఆ నెలంతా సముద్రంలో మునిగి, ఉప్పు తెట్టె కట్టి తిరుగుతాడు. పిల్లలు ఎండుచేప అని పిలుస్తారు.

"అర్జీ అందింది. జవాబు నువ్వు రాయాలంట" అన్నాడు తిరుపాలు.

"నేనెందుకు?"

"మేం రాస్తే దేవుడంటే భయం లేనోళ్ళు అంటారు. నిన్నేమంటారు? సముద్రం మీద నీ ప్రార్థన వినపడని చేప లేదు."

రాస్తానన్నాను. పందెం ఎందుకు పుట్టిందో నాకు బాగా తెలుసు. మా నాన్న ఈ పోస్టు కాపరి. ఆయన కాలంలో కాపరి చెబితే సైరన్ మోగేది. నాన్నకు భయం ఎక్కువ. ఒక నెలలో నాలుగుసార్లు మోగించాడు. నాలుగోసారి ఎవరూ వినలేదు. గాలి ఆ రోజే వచ్చింది. పందొమ్మిది మంది పోయారు. తర్వాత నాన్న ఎక్కువ కాలం లేడు.

అప్పుడు మండలి ఉత్తమాట వద్దంది. ఏదైనా పోగొట్టుకోడానికి సిద్ధపడి చెప్పే మాటే కావాలంది. ఇప్పుడు సైరన్ నా చేతిలో లేదు, ఎవరు ఏ రోజుకు ఎంత కాశారో లెక్కగట్టే పందెం పలక చేతిలో ఉంది. రేపటి రోజుకు పందేల బరువు మొత్తంలో నూటికి అరవై పాళ్ళు దాటితే సైరన్ తానే మోగుతుంది. సముద్రం మీద ఉన్న ప్రతి పడవా తిరిగి వచ్చి ఆ రోజంతా కట్టి ఉండాలి. పలక క్యాన్లు లెక్కపెట్టదు. నీకు ఉన్నదాంట్లో ఎంత పెట్టావో చూస్తుంది. పదింట్లో ఒకటి పెట్టినవాడి మాట చిన్నది. పదీ పెట్టినవాడి మాట పెద్దది. పదకొండేళ్ళలో పలక రెండుసార్లే తప్పింది.

ఇదంతా కాగితం మీద పెడితే సరిపోవాలి. "అయ్యగారికి వందనాలు" అని రాసి ఆగిపోయాను.

అక్టోబరు 9, గురువారం

గాలి ఈశాన్యం. ఏడు లెక్క.

రాసేముందు ఆయన్ని చూడాలనిపించింది. అయ్యగారు మందిరం వెనక వల బాగుచేస్తున్నారు. సేవకు రాకముందు ఆయన సరంగు. పడవ నడిపిన పాతికేళ్ళలో ఒక్కసారీ గాలికి చిక్కలేదని మా నాన్న చెప్పేవాడు.

ఆయన దగ్గర ఉప్పు వాసన వస్తుంది. ఓడినందుకు కాదు. ఏడాదిగా ఆయన మంచినీళ్ళతో స్నానం చేయలేదు.

"వందనాలయ్యగారూ. జవాబు నన్ను రాయమన్నారు."

"తెలుసమ్మా. నీకు గాకపోతే ఎవరికిస్తారు." సూది ఆగలేదు. "రాయి. నేనేం అనుకోను."

"మీ అబ్బాయి సీలాసు పోయిన రోజు సైరన్ మోగింది కదా."

"మోగింది. పలక సరిగ్గానే చెప్పింది. మావాడి ఇంజను ఆగిపోయింది. పలక మీద నాకు కోపం లేదు." అప్పుడు సూది ఆగింది. "పడవలో ముగ్గుర్నీ తెచ్చి ఇక్కడే పడుకోబెట్టాం. పక్క తెప్పల మీద చెంబుల చప్పుడు. ముందు నాకర్థం గాలా. తర్వాత సబ్బు వాసనొచ్చింది. గెలిచినోళ్ళు నీళ్ళు పోసుకుంటా ఉండారు. పిల్లలకు పోస్తా నవ్వుకుంటా ఉండారు."

సూదికి కొత్త దారం ఎక్కించుకున్నారు.

"గాలి వస్తదని కాసినోడు గాలి రావాలని కోరుకోకుండా ఉంటాడా పరంజ్యోతీ? పక్కింటోడు నీళ్ళ మీదుండగా? నువ్వు ప్రార్థన చేసే మనిషివి. నువ్వు చెప్పు."

పడవలు ఏ రోజు పోవాలో ఇక ఎలా తెలుస్తుందని అడిగాను.

"దేవుణ్ణే అడుగుతాం" అన్నారు.

అక్టోబరు 12, ఆదివారం

గాలి ఈశాన్యం. ఏడు లెక్క.

అడిగారు. ఏటా కొత్త సంవత్సరం ఆరాధనలో, ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డులు తీసే పెట్టె ఉంది, పచ్చ ముఖమల్ గుడ్డది. దాంట్లోంచి కార్డులు తీసేసి చీట్లు వేశారు. కొన్ని 'వెళ్ళు', కొన్ని 'ఆగు'. అయ్యగారి భార్య, అమ్మగారు, పెట్టె పట్టుకున్నారు. సంఘంలో ఏడు పడవలు. ఏడుగురు సరంగులు కళ్ళు మూసుకుని తీశారు. నలుగురికి ఆగు. ముగ్గురికి వెళ్ళు.

వెళ్ళు వచ్చినవారిలో మా చెల్లెలు సువార్త ఒకతె. దాని చెయ్యి పెట్టెలో చాలాసేపు ఉంది.

అమ్మ పోయినప్పుడు దానికి నాలుగేళ్ళు, నాకు పందొమ్మిది. చిన్నప్పుడు కొత్త సంవత్సరం నాడు వాగ్దానం నచ్చకపోతే మళ్ళీ ఇంకోటి తీస్తానని ఏడ్చేది. దేవుడు ఇచ్చింది పుచ్చుకోవాలని చెప్పేదాన్ని. వినేది కాదు. అప్పటి అమ్మగారు నవ్వి ఇంకోటి తీయనిచ్చేవారు.

అక్టోబరు 13, సోమవారం

గాలి లేదు. ఎనిమిది లెక్క.

పదమూడు పడవలు బయలుదేరాయి. సంఘానివి మూడు, మిగతావి ఊరివి. శనివారం దాకా రారు. సువార్త తాడు విప్పుతుంటే వెళ్ళి నిలబడ్డాను.

"పందేలోళ్ళ తరఫున కాగితం రాస్తుండావంట గదా" అంది.

"ఇంకా రాయలేదు."

"రాస్తే నాతో మాట్లాడబాకక్కా. సీలాసు నా పడవలోనే పని నేర్చుకున్నాడు."

రొట్టెల మూట ఇచ్చాను. పుచ్చుకుంది. తిరిగి చూడలేదు.

పలక చూసి వచ్చాను. మునుపు ఈ కాలంలో నాలుగువందల పేర్లుండేవి. ఇవాళ ముప్పై. ఒకటి రెండు క్యాన్లు పెట్టి సరదాగా కాసేవాళ్ళు. ఒకడు తన పుట్టినరోజు మీద కాశాడు.

అక్టోబరు 14, మంగళవారం

ఆకాశం కడిగినట్టుంది. గాలి అసలు లేదు. పన్నెండు లెక్క.

రెండుసార్లు లెక్కపెట్టాను. పన్నెండే. నున్నటి పొడవాటి అలలు, ఆగ్నేయం నుంచి. దూరపు గాలి ముందు పొడుగు అలల్ని పంపుతుంది. లెక్క తగ్గుతున్నకొద్దీ గాలి దగ్గరపడుతున్నట్టు.

గొలుసుల మీద పీతలు. మూడు.

అక్టోబరు 15, బుధవారం

గాలి లేదు. పది లెక్క. గొలుసుల మీద పీతలు లెక్కకు అందలేదు. రెండు తెప్ప మీదికే వచ్చాయి.

రేపు వస్తుంది అనుకున్నాను. పలక దగ్గరికి వెళ్ళాను. రేపటికి యాభై రెండు. అక్కడే ఆగిపోయింది. పెట్టదలచినవాళ్ళు పెట్టేశారు.

అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. ఆస్పత్రి తెప్ప మీద రోగి దగ్గర ఉన్నారు, సాయంత్రం గాని రారన్నారు అమ్మగారు. మందిరంలో మోకరించాను. ఏ జవాబూ రాలేదు. నాకు తరచూ రాదు. లేచి వచ్చాను.

తిరుపాలు పలక ముందు వేరుశనగలు తింటున్నాడు.

"గురువారం. నా పేరు రాయి" అన్నాను.

"ఎవరి పేరు?"

"నాదే."

శనగలు కింద పెట్టాడు. "ఎన్ని?"

"పదీ."

"పెద్దక్కా, బల్లకు రానివ్వరు."

"తెలుసు."

"నెలంతా ఎండుచేపవై పోతావు."

"రాయి తిరుపాలూ."

రాశాడు. యాభై రెండు అరవై ఒకటి అయింది. సైరన్ మోగింది. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. చెవులు మూసుకున్నాను.

అక్టోబరు 16, గురువారం

గాలి లేదు. ఎండ. లెక్కపెట్టలేదు.

మధ్యాహ్నానికి పన్నెండు పడవలు వచ్చాయి. సువార్తది రాలేదు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. వచ్చినవాళ్ళు నా పోస్టు వైపు చూసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. "పెద్దక్క గాలి దారి తప్పిందిరా" అని ఎవరో అరిచారు.

లోపలికి వచ్చి మోకరించాను. ఏమని ప్రార్థన చేశానో ఈ పుస్తకంలో రాయాలి. మండలి చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

రానీ తండ్రీ, అన్నాను. ఇవాళే రానీ.

నాలుగైదుసార్లు అన్నాక గుర్తొచ్చింది, సువార్త ఇంకా నీళ్ళ మీదే ఉందని.

అక్కడే కూర్చుండిపోయాను. పొద్దు వాలుతుండగా దాని పడవ వచ్చింది. వలలు బరువుగా ఉంటే కోసేయడానికి మనసొప్పక ఆలస్యమైందట. పోస్టు ముందు నుంచే వెళ్ళింది. నన్ను చూసింది. పలకరించలేదు.

గాలి రాలేదు.

అక్టోబరు 17, శుక్రవారం

తెల్లవారుతుండగా మొదలైంది. పడవలు ఇంకా కట్టే ఉన్నాయి. తొమ్మిది గంటలు కొట్టింది. గాలి కొలిచే గిన్నెలు ఎగిరిపోయాయి కాబట్టి వేగం రాయడం లేదు. నాలుగు వంతెనలు తెగాయి. మందిరం కప్పు సగం పోయింది. మనుషులెవరూ పోలేదు.

గాలి తగ్గాక తిరుపాలు తాడు పట్టుకుని వచ్చాడు. తడిసి ముద్దయ్యాడు.

"ఓడిపోయావు పెద్దక్కా" అన్నాడు. "ఒక్క పూటలో ఓడిపోయావు." నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. "నీ పది క్యాన్లూ ఆ పుట్టినరోజు వాడికి పోతుండాయి. మొన్న సైరన్ మోగకపోయుంటే పదమూడు పడవలూ సముద్రంలోనే ఉండేవి గదా!"

నేను నిదానంగా లెక్కపెడతానని నాన్న అనేవాడు. "అందరికీ పదకొండు వస్తే నీకు పది వస్తుందే, తొందరపడవే" అని నవ్వేవాడు. మొన్న పందెం పెట్టేటప్పుడు గుర్తు రాలేదు.

అక్టోబరు 19, ఆదివారం

గాలి ఈశాన్యం. ఏడు లెక్క.

మందిరానికి వెళ్ళి బయట, తాళ్ళ చుట్ట మీద కూర్చున్నాను. కప్పు లేనిచోట నుంచి పాట బాగా వినబడింది. నోరు కదిపాను గాని గొంతు ఎత్తలేదు. బల్ల ఇచ్చే వేళకు సువార్త బయటికి వచ్చింది. నా పక్కన కూర్చుంది. కాస్త జరిగి కూర్చుంది.

"ఉప్పు కంపు కొడుతుండావక్కా."

"కొడతాను."

"నా దగ్గర రెండు క్యాన్లున్నాయి."

"వద్దు. ఓడినదాన్ని. ఓడినట్టే ఉండాలి."

తాడు పీచు ఒక్కొక్కటే లాగింది.

"మొదటిసారి ఆగు అనే వచ్చింది" అంది. "మూడు వారాలుగా చేపల్లేవు. నా పడవలోళ్ళు ఆరుగురూ నా మొహమే చూస్తా ఉండారు. దాన్ని లోపలే వదిలేసి ఇంకోటి తీశా."

"నీ చెయ్యి చూశాను."

"అయ్యగారికి చెప్పలా. చెబితే పెట్టె మాటే నిజమంటారు. నీ పందెం ఉత్తదైపోద్ది."

"చెప్పు."

"అక్కా, నిన్ను బయట కూచోబెట్టినోళ్ళకే బలమిస్తానా?"

"నిజం ఎవరి పక్కనుంటే వాళ్ళకే ఇవ్వాలి. వెళ్ళి చెప్పు."

వెళ్ళింది. లోపల పాట ఆగింది. ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. మధ్యాహ్నం అమ్మగారు పెట్టెలోంచి చీట్లు తీసేసి వాగ్దాన కార్డులు మళ్ళీ సర్దుతుంటే చూశాను. మార్చి తీయగలిగే చీటీని ఇక నమ్మలేమన్నారు. వచ్చే వారం నుంచి సువార్తకూ బల్ల లేదట, మూడు నెలలు. మా ఇద్దరికీ ఒకే చోటు ఉంటుందనుకున్నాను. అది వేరే గుమ్మం దగ్గర కూర్చుంటానంది.

అక్టోబరు 22, బుధవారం

గాలి లేదు. ఏడు లెక్క.

జవాబు రాశాను. నకలు:

"మండలికి, దేవసహాయం అయ్యగారికి. అయ్యగారి మాట నిజం. గాలి వస్తుందని కాసినవారు గాలి కోరుకుంటారు. నేను కోరుకున్నాను, నా చెల్లెలు నీళ్ళ మీద ఉండగా. ఆ పందెం లేకపోతే పదమూడు పడవలు వచ్చేవి కావు. అదీ నిజం. రెంటిలో ఒకటి దాచి జవాబు రాయలేను. కాబట్టి గెలుపు తీసేయండి, ఓటమి ఉంచండి. తప్పు చెప్పినవారి నీళ్ళు ఆస్పత్రి తెప్పకు పోవాలి. సరిగా చెప్పినవారికి చెంబెడు కూడా రాకూడదు. మనిషి పోయిన రోజు ఈ ఊళ్ళో ఎవరూ గెలిచిన నీళ్ళు పోసుకోకూడదు. పరంజ్యోతి, గాలి పోస్టు."

తిరుపాలు చదివి తల గీరుకున్నాడు.

"గెలిస్తే ఏమీ రాదంటే ఎవడు కాస్తాడు పెద్దక్కా? ఇది పందెం గాదు, మొక్కుబడి."

"తెలిసినవాళ్ళు కాస్తారు."

"తెలిసినోళ్ళంతా మందిరంలో ఉండారు గదా!"

నవంబరు 3, సోమవారం

గాలి ఈశాన్యం. ఏడు లెక్క.

మండలి ఒప్పుకుంది. ఇవాళ్టి నుంచి కొత్త పద్ధతి. సంఘం తన తీర్మానం మార్చుకోలేదు. నెల నీళ్ళు వచ్చాయి. పది క్యాన్లూ వరుసగా పెట్టుకుని ఒక చెంబుతో మొహం మాత్రం కడుక్కున్నాను, తాగే నీళ్ళలోంచి.

పలక మీద పేర్లు: లేవు.

నవంబరు 6, గురువారం

గాలి లేదు. పది లెక్క. గొలుసుల మీద పీతలు.

ఉదయమే పలక దగ్గరికి వెళ్ళి శనివారానికి పదీ పెట్టాను. తిరుపాలు నా కింద తన పేరు రాసుకుని, "నిన్ను ఒక్కదాన్నే వదిలితే బాగుండదు" అని ఒక క్యాను పెట్టాడు. నన్ను చూసి ఇంకో తొమ్మిది మంది శనివారమే పెట్టారు. వేరే రోజుకు ఎవరూ పెట్టలేదు. ఏడు పడవలు సముద్రం మీద ఉన్నాయి. రేపు సైరన్ మోగితే వచ్చి శనివారం కట్టి ఉంటాయి. ఆ రోజు గాలి రాకపోతే ఆదివారం చీకటితోనే మళ్ళీ వెళ్ళిపోతాయి.

మధ్యాహ్నం వంతెన మీద అడుగుల చప్పుడైంది. దేవసహాయం అయ్యగారు. ఈ పోస్టుకు ఆయన రావడం నా ఎరుకలో ఇదే మొదటిసారి.

లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు.

"నీ జవాబు చదివాను" అన్నారు. "గెలుపు తీసేశావు. ఓడిపోగూడదని కూడా గాలి కోరుకుంటారు గదమ్మా."

"కోరుకుంటాం అయ్యగారూ. కాస్త తక్కువగా."

తెప్ప అంచుకు వెళ్ళి గొలుసు చూశారు. వంగి ఒక పీతను కాలితో మెల్లగా నీళ్ళలోకి నెట్టారు. తర్వాత ఆగ్నేయం వైపు తిరిగి నిలబడ్డారు. పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. అల వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి కదులుతుంటే అర్థమైంది.

"నీకెంత వచ్చింది?" అన్నారు, వెనక్కి తిరక్కుండానే.

"పది."

"ఏ రోజుకు పెట్టావు?"

"శనివారం."

చొక్కా భుజం మీద ఉప్పు దులుపుకున్నారు. నేనూ చీర కొంగు దులుపుకున్నాను. తెప్ప మీద ఇద్దరం అంతే చేశాం.

"నాకు పదకొండు" అన్నారు. "ఆదివారం వస్తది."

వెళ్ళిపోయారు. పలక వైపు వెళ్ళలేదు. మందిరం వైపే వెళ్ళారు. పన్నెండో వంతెన దాటేదాకా చూశాను.

పెట్టిన పందెం రోజు మార్చాలంటే ఒక క్యాను జరిమానా. పలక దగ్గరికి వెళ్ళాను. ఎవరు చెప్పారని తిరుపాలు అడిగాడు. చెప్పలేదు. తన క్యాను శనివారం మీదే ఉంచుకుంటానన్నాడు. మిగతావాళ్ళూ మార్చలేదు. నా పేరు ఒక్కటే పక్క గడిలోకి వెళ్ళింది.

పరంజ్యోతి. తొమ్మిది క్యాన్లు. ఆదివారం.